జీడిపప్పు ముక్కకు కొత్త గిరాకీ: గోధుమ లేని కేకు

పలాస జీడిపప్పు బజారులో బేరాలు ఎప్పుడూ గుండు మీదనే నడుస్తాయి. డబ్ల్యు-320 ఎంత పలికింది, డబ్ల్యు-240 చేతికి వస్తుందా రాదా అన్న మాటలతోనే ఉదయం ఫోన్లు మొదలవుతాయి. బద్ద, ముక్క, నూకల సంగతి ఆ తర్వాతనే. మిఠాయి కొట్లు, ఐస్‌క్రీం తయారీదార్లు, బిస్కట్ కంపెనీలు ఎత్తుకున్నంత ఎత్తుకోగా మిగిలిన సరుకు చిల్లర వర్తకుల పాలవుతుంది. ముక్క ధర గుండు ధర వెనుక నడవడమే తప్ప దానికంటూ ఒక నడక ఉన్నట్టు వర్తకులు తలచేవారు కారు.

ఇటీవలి సంవత్సరాలలో ఈ ముక్కకు మరొక కొనుగోలుదారు తయారైనారు. ఈ కొనుగోలు బస్తాలలో కాదు, టిన్నులలోనూ కాదు. కిలో, అరకిలో లెక్కన. కొన్న సరుకును ఇంటికి తీసుకుపోయి మిక్సీలో పొడి కొట్టి, ఆ పిండితో కేకులు, బిస్కట్లు కాల్చుకుంటారు. ఇంట్లో ఎవరికో గోధుమ పడదు. ఇడ్లీ, దోసె, అన్నం, జొన్న రొట్టె తినేంతవరకు ఆ ఇంటికి ఇబ్బంది లేదు. పిల్లవాడి పుట్టినరోజు వచ్చినప్పుడే చిక్కు. బేకరీలో దొరికే కేకు యావత్తూ మైదానే గదా!

కిలో, అరకిలో బేరమని దీనిని కొట్టిపారేయడానికి వీలులేదు. ఈ ఖాతాదారు గుండు అడగడు. పిండి కొట్టబోయేవానికి గుండైతేనేమి, బద్దైతేనేమి? గుండు కొని మిక్సీలో వేయడం పట్టుచీర చించి మసిగుడ్డ చేసుకోవడమే. అయితే మిఠాయి కొట్టువాడు ఏనాడూ అడగని ప్రశ్నలు ఈ ఖాతాదారు అడుగుతాడు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన కొట్టుకే రెండవసారి వస్తాడు.

పావు గ్రాము లెక్క

గోధుమ పిండి కలిపినప్పుడు సాగడానికి, కేకు పొంగి నిలవడానికి కారణం గ్లూటెన్ అనే బంక పదార్థం. బార్లీలోనూ, రై ధాన్యంలోనూ ఈ జాతి పదార్థమే ఉన్నది. సీలియాక్ జబ్బు ఉన్నవారికి ఇది పేగు లోపలి పొరను పాడుచేస్తుంది. తిన్నది ఒంటబట్టదు, పిల్లలైతే ఎదుగుదల ఆగిపోతుంది. మందు లేదు. గోధుమను జీవితాంతం మానడమొక్కటే వైద్యం. హాలెండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం డికె ఈ జబ్బుకు గోధుమే కారణమని 1950లో తన పరిశోధన గ్రంథంలో నిరూపించాడు. 1944-45 చలికాలంలో ఆ దేశంలో కరువు వచ్చి రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బు పిల్లలు కోలుకోవడం, రొట్టె తిరిగి వచ్చాక మళ్ళీ మంచాన పడడం ఆయన అనుమానానికి బలం చేకూర్చింది. మన దేశంలో గోధుమ తినే ఉత్తరాదిన ఈ జబ్బు హెచ్చు, దక్షిణాదిన తక్కువ. తక్కువేగాని లేకపోలేదు.

వర్తకులు గమనించవలసిన అంకె ఒకటున్నది. గ్లూటెన్ లేదని చెప్పి అమ్మే ఆహారంలో అది కిలోకు 20 మిల్లీగ్రాములకు మించరాదు. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణమూ, మన ఆహార భద్రతా సంస్థ నిబంధనా రెండూ ఇదే అంకె చెబుతున్నాయి. మైదాలో గ్లూటెన్ సుమారు 8 నుంచి 10 శాతం ఉంటుంది. అంటే కిలో జీడిపప్పులో పావు గ్రాము మైదా పడితే చాలు, హద్దు ముట్టినట్టే. ఎగుమతి రివాజు ప్రకారం 25 పౌన్లు పట్టే టిన్ను, అనగా 11.34 కిలోలు, చెడిపోవడానికి మూడు గ్రాముల మైదా చాలును. ఒక టీ చెంచాడు!

ఈ లెక్క చూసిన తర్వాత కిరాణా కొట్టు గల్లా పక్కన జరిగే పని గుర్తు చేసుకోవాలి. మైదా బస్తాలో ముంచిన గరిటనే ధోవతి చెంగుకు తుడిచి జీడిపప్పు డబ్బాలో ముంచుతారు. తక్కెడ పళ్ళెమూ అదే. గుమాస్తా చేతులూ అవే. ఇందులో మోసం ఏమీ లేదు, ఇన్నేళ్ళూ దానివల్ల ఎవరికీ నష్టమూ కలుగలేదు. కాని ఈ కొత్త ఖాతాదారుకు ఆ గరిటే ఇబ్బంది.

పిండిమరకు పంపరాదు

జీడిపప్పును, బాదాన్ని పిండిమరలో ఆడించుకోవచ్చు గదా అని అనిపించవచ్చు. మర యజమాని ఒప్పుకోడు. జీడిపప్పులో నూనె 45 శాతం దరిదాపుల్లోనూ, బాదంలో, వేరుశనగ పప్పులో 50 శాతం దరిదాపుల్లోనూ ఉంటుంది. రాళ్ళ మధ్య పడితే పిండి కాదు, ముద్ద అవుతుంది, రాళ్ళు పట్టేస్తాయి. ఒకవేళ ఒప్పుకున్నా, అంతకు ముందు ఆడిన గోధుమ పిండి మర గొట్టంలో పావు గ్రాము కాదు, పిడికెడు ఉంటుంది. ఈ కారణంగానే బియ్యప్పిండిని సైతం గోధుమ ఆడే మరలో పట్టించుకోవద్దని ఈ జబ్బు తెలిసినవారు చెబుతారు. ఇక తయారుగా ప్యాకెట్లలో దొరికే బాదం పిండి ధర పప్పు ధర కంటె హెచ్చుగానే ఉంటుంది. పైగా పొడిలో ఏమున్నదీ కంటికి కనబడదు. పప్పు కొని ఇంట్లో కొట్టుకోవడానికి ఇదే మూలం.

కొట్టే పద్ధతి చూడబోతే తేలికే, కాని ఓపిక కావాలి. జీడిపప్పు ముక్కను ముందు జల్లించి ధూళి తీసివేస్తారు. నల్లబడిన ముక్క, పురుగు తొలిచిన ముక్క, పొర విడవని ముక్క ఏరివేస్తారు. మిగిలినది మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో కొన్ని గంటలుంచుతారు. పప్పు చల్లగా ఉంటే నూనె త్వరగా వదలదు. డబ్బా బయటకు తీశాక మూత తెరిచి పెట్టుకు కూర్చోరాదు. మన కోస్తా గాలిలో చల్లని పప్పుకు క్షణంలో చెమ్మ పడుతుంది. తీసినవెంటనే చిన్న జార్‌లో నూరు గ్రాములకు మించకుండా వేసి, మీట ఒక్క సెకను తిప్పి ఆపాలి. మళ్ళీ తిప్పి ఆపాలి. ఇలా ఎనిమిది పదిసార్లు. మధ్యలో జార్‌ను తట్టి అడుగున అంటినది విడిపించాలి. తర్వాత రవ్వ జల్లెడతో జల్లించి, పైన మిగిలిన బరకను తర్వాతి వాయిలో కలుపుకోవాలి.

ఏకబిగిని తిప్పితే బ్లేడు వేడెక్కుతుంది, నూనె పైకి వస్తుంది, జార్‌లో పిండికి బదులు వెన్న మిగులుతుంది. జీడిపప్పు మెత్తనిది కనుక బాదం కంటె త్వరగా ఈ గతి పడుతుంది. కేకులో వేయబోయే పంచదారలోంచి ఒక చెంచాడు ముందే కలిపి కొడితే ఆ నూనెను అది పట్టి ఉంచుతుంది. చేయి జారి ముద్ద అయిందే అనుకుందాం, సరుకు నష్టపోలేదు. పంచదార పాకం పట్టి కాజూ కట్లీ చేసుకోవచ్చు. వర్తకంలో ఇంత నిశ్చింత ఉంటే ఎంత బాగుండును!

బాదంతో పని మరికొంత హెచ్చు. గిరిని మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం వేసి, తీసి చన్నీళ్ళలో పోస్తే తొక్క వేళ్ళతో జారిపోతుంది. ఆ తర్వాత బొత్తిగా ఆరాలి. పలుచని గుడ్డ కప్పి ఒకటి రెండు రోజులు ఎండనివ్వాలి. పప్పు విరిస్తే పటుక్కుమనాలి. చెమ్మ ఉండగా కొడితే పిండి ఉండలు కడుతుంది, నాలుగు రోజులకే బూజు పడుతుంది. తొక్కతో సహా కొట్టుకునేవారూ ఉన్నారు. రంగు ముదురుతుందే తప్ప బిస్కట్లకు దోషం లేదు. తరుగు లెక్క కట్టేవారికి: గిరిలో తొక్క సుమారు 5 శాతం, జార్‌కూ జల్లెడకూ అంటుకునేది రెండు మూడు శాతం. గిరి కిలో నూరు రూపాయలనుకుంటే పిండి 108 దాకా పడుతుందన్నమాట. జీడిపప్పు పొర ఫ్యాక్టరీలోనే ఒలిచి వస్తుంది కనుక ఆ 5 శాతం తరుగు లేదు, ఎండబెట్టే బాధా లేదు. బాదంలో ఇంకొక బెడద ఉన్నది. ప్రపంచంలో పండే బాదంలో సుమారు అయిదింట నాలుగు వంతులు కాలిఫోర్నియాది. అక్కడ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా జరిగే కోత మీద, మన దిగుమతి సుంకం మీద ఇక్కడి ధర ఆధారపడుతుంది. 2019లో అమెరికా బాదంపై మన ప్రభుత్వం విధించిన అదనపు సుంకం 2023 సెప్టెంబరు దాకా కొనసాగిన సంగతి ఈ పుట చదివేవారెవరూ మరచి ఉండరు.

జీడిపప్పు సైతం పూర్తిగా మన చేతిలో ఉన్నదని అనలేము. పలాస, మోరి, వేటపాలెం కేంద్రాలలో ఒలిచే గింజలో ఆఫ్రికా సరుకూ ఉన్నది. అయినా ఒలుపు ఇక్కడే, ముక్క పుట్టేదీ ఇక్కడే. ఒలిచేటప్పుడు విరగడం తప్పదు. విరిగిన దానికి విలువ పెరిగితే 80 కిలోల గింజ బస్తా మీద గిట్టుబాటు ఆ మేరకు మెరుగుపడుతుంది.

ఏ ముక్క?

పిండి కోసమని అడిగిన ఖాతాదారుకు చాలామంది కొట్టులో ఉన్నవాటిలో అన్నిటికంటె చిన్న నూక, బి.బి. రకం, చూపిస్తారు. సగం పిండై ఉన్నది గదా, ధర కూడా తక్కువ అన్నది వారి వాదన. ఇది సరికాదు. ఎల్.డబ్ల్యు.పి. ముక్క 4 మెష్ జల్లెడ మీద నిలుస్తుంది, ఎస్.డబ్ల్యు.పి. 6 మెష్ మీద, బి.బి. 10 మెష్ మీద. ముక్క చిన్నదైనకొద్దీ గాలి తగిలే భాగం పెరిగి, నూనె కంపు త్వరగా పడుతుంది. ఏరడానికీ వీలుండదు, అంత నూకలో పాడైన దానిని ఎవరు ఏరగలరు? పెద్ద ముక్క బాగుంటుంది గాని పిండికి అంత ధర పెట్టనక్కరలేదు. రంగు చెడని తాజా ఎస్.డబ్ల్యు.పి. ఈ పనికి సరిపోతుంది. తేమ 5 శాతం దాటని సరుకు కావాలి. వానాకాలంలో తెరిచి ఉంచిన టిన్నులోది ఈ పనికి ఇవ్వరాదు.

వేరుశనగ పప్పుతోనూ పిండి కొట్టుకోవచ్చు. దోరగా వేయించి, పొట్టు ఊది, చల్లారాక కొడతారు. ఆదోని, కర్నూలు ప్రాంతాల వారికి సరుకు చేరువ, ధర అందుబాటు. అయితే రుచి దాచినా దాగదు. ఏ కేకైనా వేరుశనగ కేకే అవుతుంది.

అసలు భయం వేరే ఉన్నది. బూజు పట్టిన పప్పులో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోగా, వాటికి మేపిన బ్రెజిలు వేరుశనగ చెక్కలో ఈ విషం బయటపడింది. వేరుశనగకు ఈ ముప్పు హెచ్చు. బాదం, జీడిపప్పులకు బొత్తిగా లేదనడానికి లేదు. కేకు కాల్చే వేడికి ఈ విషం పోదు. తినడానికి సిద్ధంగా ఉన్న పప్పులలో ఇది కిలోకు 10 మైక్రోగ్రాములకు, ఇంకా శుభ్రపరచి వాడవలసిన సరుకులో 15 మైక్రోగ్రాములకు మించరాదని మన నిబంధన. గుండులో బూజు కంటికి కనబడుతుంది, ఏరివేస్తారు. ఏరివేసినది ఎక్కడికి పోతుందన్నదే ప్రశ్న. దానిని విరిచి ముక్కలో కలిపితే మిఠాయిలో యాలకుల వాసనకు తెలియకుండా పోవచ్చు. కొన్నవాడు పొడి కొట్టుకుంటే బొత్తిగా తెలియదు. అదే సరుకును అప్పటికే పేగు దెబ్బతిన్న పిల్లవాడు తింటాడు. తిరస్కారపు సరుకును ముక్కలో కలిపే అలవాటు ఎక్కడ ఉన్నా, ఈ కొత్త గిరాకీని అది మొదట్లోనే తుంచివేస్తుంది.

తయారు పిండిలో కల్తీ సంగతి మరొకటి. బాదం పిండిలో ఖుమానీ గింజ పప్పు గాని, వేరుశనగ గాని కలపడానికి ఆశ పుడుతుంది. ధరలో తేడా అంత ఉన్నది. చేదు ఖుమానీ పప్పు కడుపులో సైనైడు విడుదల చేస్తుంది. వేరుశనగ పడనివారికి అది చెప్పకుండా కలపడం ప్రాణాంతకం. 2014-15లో అమెరికాలో జీలకర్ర పొడిలో వేరుశనగ ఆనవాళ్ళు బయటపడగా, దానితో తయారైన సరుకులను సైతం పెద్దఎత్తున వెనక్కు తీసుకోవలసి వచ్చింది. మసాలా వర్తకులకు అది ఇంకా గుర్తుండే ఉంటుంది. గ్లూటెన్ లేని పిండి అందరికీ పథ్యమని అనుకోవడం కూడా పొరబాటు. జీడిపప్పు, బాదం సైతం కొందరికి పడవు. అందుకే ప్యాకెట్ల మీద గోధుమ జాతి ధాన్యం, వేరుశనగ, చెట్టు పప్పులు ఉంటే స్పష్టంగా రాయాలని 2020 లేబుల్ నిబంధనలు నిర్దేశిస్తున్నాయి.

పొయ్యి దగ్గర

పిండి తయారైనంత మాత్రాన మైదా చేసే పనులన్నీ అది చేయదు. బంక లేదు కనుక సాగదు. పొంగినా నిలవదు. నాన్‌ఖటాయి వంటి బిస్కట్లకు సాగుడుతో పని లేదు, అందుచేత మొదటి ప్రయత్నానికి అవే మేలు. కేకుకు కోడిగుడ్డు కావాలి. గుడ్డే కేకును నిలబెడుతుంది. స్పెయిన్ దేశంలో శాంటియాగో యాత్రాస్థలం పేరిట ప్రసిద్ధమైన కేకు బాదం పొడి, గుడ్లు, పంచదారలతోనే అవుతుంది. అందులో కనీసం 33 శాతం బాదం ఉండాలన్న షరతుతో 2010లో యూరపు సంఘం దానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. జీడిపప్పులో పిండి పదార్థం బాదం కంటె హెచ్చు కనుక కొంచెం మెరుగుగా పట్టుకుంటుంది. కాని త్వరగా ఎర్రబడుతుంది. మంట తగ్గించి నిదానంగా కాల్చాలి. కప్పుతో కొలిచినవారు మోసపోతారు. పొడి ఒకసారి వదులుగా, ఒకసారి అణిగి ఉంటుంది. తూకమే నమ్మకం. ఈ మాట వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు.

గుడ్డు తిననివారికి ఇసబ్‌గోల్ పొట్టు ఉపయోగపడుతుంది. నీళ్ళలో జిగురై, గ్లూటెన్ బంక పని కొంతవరకు చేస్తుంది. గుజరాత్‌లోని ఊంఝా మార్కెట్టు దీనికి ప్రధాన కేంద్రం. ప్రపంచానికి ఈ సరుకు ముఖ్యంగా మన దేశమే పంపుతున్నది. విదేశాలలో గోధుమ లేని రొట్టెల తయారీకి ఇది పోతున్నదని ఆ సరుకు చేసేవారికి ఎరుకే. జీడిపప్పు ముక్క పక్కన ఇసబ్‌గోల్ పెట్టి అమ్మే కొట్టుకు ఒకే ఖాతాదారు రెండు బేరాలిస్తాడు. అదే ఖాతాదారు ఇంగువ అడిగినప్పుడు మాత్రం జాగ్రత్త పడాలి. బజారులో దొరికే కూటు ఇంగువలో హెచ్చు భాగం మైదాయే. పులుసులో చిటికెడు ఇంగువ పడినందుకు నెల రోజుల పథ్యం పాడవుతుంది. ఇంగువ అమ్మేవారిలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

ఇక కొట్టులో చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఫ్యాక్టరీ సీలు వేసిన టిన్ను ఒకటి ఈ ఖాతాదార్ల కోసం వేరే అలమారలో పెట్టి, దానికొక గరిట, ఒక పళ్ళెం కేటాయిస్తే సరి. ఆ అలమార మైదా బస్తాలకు దూరంగా, వాటికంటె ఎత్తులో ఉండాలి. మైదా దుమ్ము కిందికి దిగుతుంది. ఇంకా మంచిది అరకిలో, కిలో ప్యాకెట్లు ఫ్యాక్టరీ నుంచే తెప్పించడం. ప్యాకెట్టు మీద "గ్లూటెన్ లేదు" అని సొంతంగా ముద్ర వేసుకోవడం మాత్రం కూడదు. ఆ మాటకు పరీక్ష ఉన్నది, 20 మిల్లీగ్రాముల హద్దు ఉన్నది, పట్టుబడితే శిక్ష ఉన్నది. "జీడిపప్పు ముక్క" అని రాసి, పప్పు ఎక్కడిది, ఎప్పుడు ప్యాక్ చేసినది చెబితే చాలు.

"ఏమండీ, ఇది విడి సరుకా, సీలుదా? ఏ గరిటతో తీశారు?" అని ఒక తల్లి గల్లా దగ్గర నిలబడి అడిగితే గుమాస్తా నవ్వి ఊరుకోవడం చాలా కొట్లలో జరిగేదే. "అమ్మా, విడిది మైదా గరిటతోనే తీస్తాము, మీకు సీలుదే ఇస్తాను" అని ఉన్నమాట చెప్పినవాడికి ఆ బేరం నిలుస్తుంది. విడి సరుకునే "మంచిదేనమ్మా" అని కట్టిచ్చినవాడికి ఆ పూట నాలుగు రూపాయలు మిగలవచ్చు. ఇంటి దగ్గర పిల్లవాడు వాంతులతో పడుకున్నప్పుడు ఆ తల్లి తన పొరబాటే అనుకుంటుంది గాని గరిట సంగతి ఆమెకు ఎన్నటికీ తెలియదు.

ముక్క నిల్వ చేసేవారికి ఒక మాట. దీపావళి మిఠాయిల కొనుగోళ్ళు ముగిసిన తర్వాత డిసెంబరులో క్రిస్మస్, కొత్త సంవత్సరపు కేకుల రోజులు వస్తాయి. అమెరికాలో ఉన్న పిల్లల వద్దకు పోయే తెలుగు తల్లిదండ్రులు పెట్టెలో పెట్టుకుపోయే జీడిపప్పులోనూ ఇప్పుడు ముక్కకు చోటు దొరుకుతున్నది. ఆ రోజులకని ఉంచిన సరుకును పొడి కొట్టి ఉంచరాదు, ముక్కగానే చల్లని చోట ఉంచాలి. పొడి చేసినది బయట కొద్ది వారాలకే నూనె కంపు పడుతుంది. ఫ్రిజ్‌లో మూత బిగించి ఉంచితే రెండు మూడు నెలలు ఆగుతుంది. టిన్ను తెరవగానే ముందు వాసన చూడాలి. తాజా పప్పుకు తియ్యని పాల వాసన వస్తుంది. రంగుల డబ్బా తెరిచినట్టు అనిపిస్తే ఆ టిన్నును ఏ రకం ఖాతాదారుకూ అమ్మకుండా వెనక్కు పంపవలసి ఉంటుంది.